మన లెక్కకు మనమే కరణము

పన్ను చెల్లించుట వేరు, పన్ను లెక్కను అప్పగించుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా భావించుట వలననే మన గృహములలో ఏటేట జూలై మాసమున అనేకములైన చిక్కులు పుట్టుచున్నవి. జీతములో పన్ను కోసియే ఇచ్చినారు గదా, ఇక వ్రాయవలసిన దేమున్నదని ఉద్యోగి అనును. వడ్డీలో బ్యాంకువారు పట్టుకొన్నారు గదా అని పింఛనుదారు అనును. పట్టుకొనిన మాట నిజమే. కాని సంవత్సరము మొత్తము మీద తన ఆదాయ మెంత, దానిపై పన్ను ఎంత, ఇదివరకే చెల్లిన దెంత, ఇంకను ఇయ్యవలసినదో తిరిగి రావలసినదో ఏమైన నున్నదా అను లెక్కను పౌరుడు తానై వ్రాసి ప్రభుత్వమునకు అందజేయవలెను. ఆ లెక్కకే రిటర్ను అని పేరు. దానిని నేడు కాగితము మీద గాక కంప్యూటరు ద్వారా సమర్పించు విధమును గూర్చి ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మన దేశమున ఆదాయపు పన్నును 1860వ సంవత్సరమున జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టెను. 1857 నాటి తిరుగుబాటు వలన ఖజానాకు కలిగిన లోటును పూడ్చుట అప్పటి ఉద్దేశము. పిమ్మట 1922లో నొకటి, 1961లో నొకటి సమగ్రమైన చట్టములు వచ్చినవి. 2025లో పార్లమెంటు ఆమోదించిన నూతన చట్టము 2026 ఏప్రిల్ 1వ తేదీని అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినది. ఆదాయము వచ్చిన సంవత్సరమునకు ఒక పేరు, దానిని నిర్ధారించు సంవత్సరమునకు మరియొక పేరు పెట్టి సామాన్యుని తికమక పరచిన పాత వాడుకను ఈ చట్టము తొలగించి, పన్ను సంవత్సరము అను నొక్క పేరును స్థిరపరచినది.

చట్టములు మారినను మూలసూత్రము మారలేదు. భూమిశిస్తు విషయమున గ్రామ లెక్కలను కరణము వ్రాసెడివాడు. రైతు శిస్తు చెల్లించి రసీదు తీసికొనెడివాడు. ఆంధ్రప్రదేశములో 1984లో ఆ పదవులే రద్దయినవి. ఆదాయపు పన్నులో మొదటినుండియు కరణము లేడు. ఎవరి లెక్కకు వారే కరణము. వ్రాసిన దానికి బాధ్యతయు వారిదే.

పూర్వము ఈ లెక్కను ముద్రిత ఫారములపై పూరించి, కార్యాలయమునకు పోయి, వరుసలో నిలిచి, రసీదుపై ముద్ర వేయించుకొని వచ్చుట ఆచారము. 2004లో ఎలక్ట్రానిక్ పద్ధతిని గూర్చిన పథకము వెలువడినది. 2006లో కంపెనీలకు అది తప్పనిసరి యైనది. 2009లో బెంగళూరున కేంద్రీకృత పరిశీలన కేంద్రము ఏర్పడినది. గుంటూరులో నివసించువాని రిటర్నైనను, వరంగల్లులో నివసించువాని రిటర్నైనను నేడు మొదట పరిశీలింపబడునది అక్కడనే. కంప్యూటర్లే దానిని చూచును. ఎనుబది సంవత్సరములు నిండిన వృద్ధులు మాత్రము, సులభమైన ఫారములకు లోబడిన ఆదాయము గలవారైనచో, ఇప్పటికిని కాగితము మీద ఇయ్యవచ్చును.

రిటర్ను ఎవరియ్యవలెను? ఇక్కడనే పెద్ద పొరపాటు జరుగుచున్నది. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయము విషయమున, నూతన పన్ను పద్ధతిలో మొదటి 4 లక్షల రూపాయలపై పన్ను లేదు. 12 లక్షలలోపు సాధారణ ఆదాయము గలవారికి లెక్క ప్రకారము పడిన పన్ను రిబేటు రూపమున మాఫీ యగుచున్నది. దీనిని విని, 12 లక్షల వరకు రిటర్నే అక్కరలేదని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. పన్ను సున్న యగుట రిటర్ను వ్రాసిన తరువాత తేలిన ఫలితము. ఆదాయము 4 లక్షలు దాటినవారు లెక్క అప్పగించి తీరవలెను. అంతకు తక్కువ ఆదాయము గలవారు సైతము, డిపాజిట్లపై వడ్డీలో పన్ను పట్టుకొనబడియున్నచో, అది తిరిగి రావలెనన్న రిటర్ను ఇయ్యవలసినదే. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత ఈ చోట అక్షరాల చెల్లును.

సేద్యపు ఆదాయముపై పన్ను లేదను మాట మన పల్లెలలో అందరెరిగినదే. కాని పన్ను లేని ఆదాయమైనను చూపవలసియుండును. ఉద్యోగము చేయుచు స్వగ్రామమున పొలముపై 5,000 రూపాయలకు మించి ఆదాయము పొందువారు 'సహజ్' అను మొదటి ఫారమును వాడరాదు. ఆ సేద్యపు ఆదాయమును తక్కిన ఆదాయమునకు పన్ను రేటు నిర్ణయించుటలో పరిగణనకు తీసికొందురు.

ఇక సన్నాహమును గూర్చి చెప్పుకొందము. మొదట కావలసినది పాన్ సంఖ్య. పది గుర్తులు గల ఈ సంఖ్యలో నాలుగవ అక్షరము అది వ్యక్తిదో కంపెనీదో తెలుపును. ఐదవది వ్యక్తి ఇంటిపేరులోని మొదటి అక్షరము. ఇంటిపేరును ముందు పెట్టి, అదియు పొడి అక్షరముగా వ్రాయుట మన తెలుగువారి అలవాటు. పాన్ దరఖాస్తులో పొడి అక్షరములు చెల్లవు. అందువలన పాన్ కార్డుపై పూర్తి ఇంటిపేరు, ఆధార్‌పై ఒక్క పొడి అక్షరము, బ్యాంకు పుస్తకములో మరియొక విధము కనబడుచుండును. మనిషి యొక్కడే యైనను యంత్రమునకు ముగ్గురుగా తోచును. పేరు, పుట్టిన తేదీ సరిపోలనిచో పాన్, ఆధార్‌ల అనుసంధానము కుదరదు. అనుసంధానము లేని పాన్లు 2023 జూలై 1 నుండి నిష్క్రియములైనవి. అట్టివారికి తిరిగి రావలసిన సొమ్ము సైతము నిలిచిపోవును. కావున గడువు సమీపించిన పిదప గాక, తీరిక కాలముననే ఈ మూడు పేర్లను సరిచూచుకొనవలెను. సొమ్ము తిరిగి రావలసిన బ్యాంకు ఖాతాను గూడ ముందుగానే పోర్టలులో ధ్రువపరచుకొనవలెను.

తరువాత పత్రములు. ఉద్యోగులకు యజమాని ఇచ్చునదియు, ఇంతకాలము ఫారము 16 అను పేర మనకు పరిచితమైనదియు నగు ధ్రువపత్రము మొదటిది. బ్యాంకుల వడ్డీ లెక్కలు రెండవది. పోర్టలులోనే కనబడు వార్షిక సమాచార నివేదిక మూడవది. 2021లో ప్రవేశపెట్టబడిన ఈ నివేదికలో మన వడ్డీలు, డివిడెండ్లు, వాటాల అమ్మకములు మున్నగునవి ఆయా సంస్థలు పంపిన ప్రకారము నమోదై యుండును. పోర్టలు తెరవగనే ఫారములో కొన్ని గళ్ళు ముందే నిండి కనబడును. అవి సౌకర్యమునకే గాని ప్రమాణమునకు కావు. ఒక వడ్డీ రెండుమార్లు ఎక్కియుండవచ్చును; ఒకటి అసలే ఎక్కకపోవచ్చును. తప్పున్నచో ఆ నివేదికలోనే మన అభ్యంతరమును తెలుపు వీలు కలదు. మూడింటిని ప్రక్క ప్రక్కన పెట్టుకొని సరిచూచిన పిదపనే ముందుకు సాగవలెను.

పాత పద్ధతి, నూతన పద్ధతి అను రెండింటిలో నొకదానిని ఎన్నుకొనవలసియుండును. నూతన పద్ధతిలో రేట్లు తక్కువ, మినహాయింపులు స్వల్పము. పాత పద్ధతిలో ఇంటి అద్దె, జీవిత బీమా, భవిష్యనిధి మున్నగు మినహాయింపులు కలవు. రెండు విధముల లెక్క చూచి మేలైనదానిని తీసికొనుట మంచిది. వ్యాపారము లేనివారు పాత పద్ధతిని కోరినచో గడువులోపలనే రిటర్ను ఇయ్యవలెను. ఆలస్యమైనచో ఆ అవకాశము పోవును. జీతము, పింఛను, వడ్డీ మాత్రమే గలవారికి సాధారణముగా జూలై 31 గడువు. ప్రభుత్వము ఎప్పుడైన పొడిగించినచో పొడిగింపవచ్చును గాని, దానిని నమ్ముకొని కూర్చుండరాదు. గడువు మీరినచో 5,000 రూపాయల వరకు రుసుము పడును. ఆదాయము 5 లక్షలకు మించనివారికి అది 1,000 రూపాయలు మాత్రమే.

సమర్పించు మీట నొక్కగనే పని ముగిసెనని తలచువారు పెక్కురు. సంతకము లేని దస్తావేజు ఎట్టిదో, ధ్రువీకరింపని రిటర్ను అట్టిది. ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు వచ్చు ఓటీపీ ద్వారానో, బ్యాంకు ఖాతా ద్వారానో ఇంటినుండియే ధ్రువీకరింపవచ్చును. అవి వీలుకానిచో రసీదు పత్రముపై సంతకము చేసి బెంగళూరు కేంద్రమునకు తపాలాలో పంపవచ్చును. 2022 ఆగస్టు నుండి దీనికి 30 దినములే గడువు. పూర్వము 120 దినము లుండెను. గడువు దాటినచో ధ్రువీకరించిన దినమునే సమర్పించిన దినముగా పరిగణింతురు. అసలు ధ్రువీకరింపనిచో రిటర్ను ఇయ్యనట్లే లెక్క.

ఇప్పుడు అన్నింటికన్న ముఖ్యమగు మాట. కంప్యూటరు తెలియని పెద్దలు ఈ పనిని ఇతరుల కప్పగించుట సహజము. అమెరికాలో నున్న కుమారుడు పూరించును. తెనాలిలో నున్న తండ్రి తన ఫోనుకు వచ్చిన ఓటీపీని చదివి వినిపించును. ఇందు దోషము లేదు. కాని పన్ను ఎక్కువగా తిరిగి తెప్పింతుమని, వచ్చిన దానిలో ఇంత భాగ మిమ్మని ఎవడైన చెప్పినచో, అట్టివానికి పాస్‌వర్డును గాని ఓటీపీని గాని ఇయ్యరాదు. కట్టని అద్దెను, ఇయ్యని విరాళమును, లేని జబ్బును వ్రాసి సొమ్ము రప్పించు మధ్యవర్తులు కలరు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇట్టివారిపై దేశమునందు 150 చోట్ల తనిఖీలు జరిపినది. అంతకు ముందు నాలుగు మాసములలో సుమారు 40,000 మంది తమ రిటర్నులను సవరించి, తప్పుడు మినహాయింపులను ఉపసంహరించుకొన్నారని ప్రకటించినది. మధ్యవర్తి తన భాగమును పుచ్చుకొని పోవును. పన్ను, వడ్డీ, జరిమానా మాత్రము పాన్ సంఖ్య ఎవరిదో వారి తలపై పడును. తెలియక సంతకము చేసితిమన్న మాట ఇచ్చట రక్షింపదు. కనుక ఎవరు పూరించినను, సమర్పించుటకు ముందు ఫారమునంతను చదివించుకొని వినవలెను.

శాఖ నుండి వచ్చినట్లు తోచు ప్రతి సందేశమును నమ్మరాదు. 2019 అక్టోబరు 1 నుండి శాఖ పంపు ఉత్తరములపై ప్రత్యేక గుర్తింపు సంఖ్య యుండవలెనని నియమము. ఆ సంఖ్యను పోర్టలులో వేసి చూచినచో ఉత్తరము నిజమైనదో కాదో తెలియును.

గృహ యజమాని సంవత్సరము మధ్యలో గతించినచో, ఆ దినము వరకు ఆయనకు వచ్చిన ఆదాయమునకు వారసులు రిటర్ను ఇయ్యవలసియుండును. అందుకై వారసులు పోర్టలులో తమ పేరు నమోదు చేసికొని అనుమతి పొందవలెను. ఏ బ్యాంకులో ఏమున్నదో, పాన్ ఎక్కడున్నదో ఇంటి ఇల్లాలికి తెలియనిచో, దుఃఖమునకు తోడు ఈ వెదకులాట యొకటి వచ్చిపడును. ఏటేట రిటర్ను ప్రతిని, రసీదును, బెంగళూరు నుండి వచ్చిన నిర్ణయ పత్రమును ఒక సంచికగా కట్టి, అది ఎచ్చట నున్నదో భార్యకును బిడ్డలకును చెప్పియుంచుట ప్రతి గృహస్థునకు కర్తవ్యము.

కార్యాలయమునకు పోవు శ్రమ తప్పినది. వరుసలో నిలుచు బాధ పోయినది. తప్పనిది ఒక్కటే, మన లెక్క మనకు తెలిసియుండుట. జూలై మాసాంతము వరకు ఆగక, పత్రములు చేతికందిన వారములోనే ఒక సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి ఈ పనిని ముగించుకొందురని ఆశించుచున్నాము.