రొట్టె మారితే చాలదు, కూర పెరగాలి

హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దాకా, అటు నారాయణగూడ వైపునా, పొద్దుగూకితే కర్రీ పాయింట్ల ముందు జనం చేరతారు. ఆఫీసు నుంచి ఇంటిముఖం పట్టినవారు, గ్రూప్స్ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు పుల్కాలో, జొన్న రొట్టెలో కట్టించుకుని, వాటికి తోడు ఒక చిన్న కూర ప్యాకెట్ తీసుకుంటారు. అన్నం మానేశాం గనుక షుగర్ పెరగదని చాలామంది ధీమా. అది సగమే నిజం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే, జొన్నల్లో 68, గోధుమపిండిలో 64. పీచు ఎక్కువ కాబట్టి రొట్టె కొంత మేలే. కానీ మూడు పెద్ద రొట్టెలు తింటే ఆ మేలు అక్కడికక్కడే కరిగిపోతుంది. 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ఇదే తేల్చింది. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. ఆ మొత్తం తగ్గకుండా, బియ్యం నుంచి గోధుమకో చిరుధాన్యాలకో మారినంత మాత్రాన మధుమేహ ముప్పు తగ్గిన దాఖలా కనిపించలేదు. పిండిపదార్థాల్లో కొంత తగ్గించి పప్పులు, పాలు, గుడ్లు, చేపల నుంచి మాంసకృత్తులు తీసుకున్నచోట ముప్పు తక్కువగా కనిపించింది.

అందుకే అసలు నిర్ణయం కూర ప్యాకెట్ దగ్గర జరుగుతుంది. పుల్కాలోకి ఆలుగడ్డ కుర్మా తింటే పిండి మీద పిండి చేరినట్టే. తోటకూర పప్పు, శనగల కూర, సొరకాయ, బెండకాయ, గోరుచిక్కుడు అలా కాదు; వాటిలోని పీచు, మాంసకృత్తులు జీర్ణక్రియను నెమ్మది చేసి గ్లూకోజ్‌ను రక్తంలోకి నిదానంగా వదులుతాయి. తినే వరుస కూడా ముఖ్యమే. అమెరికాలోని కార్నెల్ వైద్యులు 2015లో మధుమేహులకు కూరగాయలు, మాంసకృత్తులు ముందు, బ్రెడ్డు తర్వాత పెట్టి చూస్తే గంట తర్వాత గ్లూకోజ్, బ్రెడ్డు ముందు తిన్నప్పటికంటే మూడో వంతుకు పైగా తక్కువగా ఉంది. పాల్గొన్నది 11 మందే. అయినా పైసా ఖర్చులేని ఈ పద్ధతిని పాటించడానికి అడ్డేముంది?

రొట్టెను కూరలో అద్దుకు తినేవాళ్లం, విడిగా ఎలా తింటామని అడగవచ్చు. ముందు కీరా ముక్కలు, ఒక కప్పు పప్పు తిని, మిగతా కూరతో రొట్టె మొదలుపెడితే సరిపోతుంది; ఆకలి కొంత తీరుతుంది కాబట్టి మూడో రొట్టె అవసరం రాకపోవచ్చు. మన పెద్దలు జొన్న రొట్టెలే తిని గట్టిగా ఉన్నారు కదా అనేవారూ ఉన్నారు. నిజమే, కానీ వారు పగలంతా పొలంలో ఒళ్లు వంచారు. పొద్దంతా రీడింగ్ రూమ్‌లో కూర్చునే వయసు పిల్లలకు ఆ లెక్క వర్తించదు. తిన్నాక పది నిమిషాలు నడిచినా కండరాలు కొంత గ్లూకోజ్‌ను వాడేసుకుంటాయి. ఖర్చు మాటకొస్తే, ఒక రొట్టె తగ్గించి ఆ డబ్బు పప్పు మీద పెట్టడం హాస్టల్ విద్యార్థికీ పెద్ద భారం కాదు.

షుగర్ ఉన్నవారు తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఏ కూర, ఎన్ని రొట్టెలు తమకు పడతాయో తెలుస్తుంది. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు మాత్రం రొట్టెలు ఒక్కసారిగా తగ్గించకండి, ముందు మీ డాక్టరుతో మాట్లాడండి.