తంగేడు పువ్వుతో షుగర్ తగ్గుతదా? ల్యాబ్‌లో అసలేం చేస్తారు?

పోయిన నెల వనపర్తి పోయినప్పుడు మా పెద్దనాయన ఒక వాట్సాప్ ఫార్వర్డ్ చూపించిండు. తంగేడు పూల కషాయం షుగర్ తగ్గిస్తదని ల్యాబ్‌లో రుజువైందట, ఇంగ్లిష్ మందులు బంద్ చేయాలట. ఆయన నిజంగానే మెట్‌ఫార్మిన్ బంద్ చేసి ఇరవై రోజులైంది. ఫాస్టింగ్ చూస్తే 280. ఆ రాత్రి ఆ "రుజువు" ఏందో వెతుక్కుంటూ కూర్చున్నా. ఫార్వర్డ్ పూర్తిగా అబద్ధం కాదు. అసలు ప్రాబ్లమ్ అదే.

ముందు మొక్క సంగతి. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఎక్కడ బీడు కనిపిస్తే అక్కడ తంగేడే. బతుకమ్మలో పేరుస్తాం, మన రాష్ట్ర పువ్వు. మనది ఎడారి కాదు గానీ ఎర్ర చెల్కలు, తక్కువ వానలు. ఇట్లాంటి చోట మొక్క లేచి పారిపోలేదు కదా. మేకలు, పురుగులు తినకుండా కెమికల్స్ తయారు చేసుకుంటది. తంగేడు బెరడులో టానిన్లు ఎంతుంటాయంటే, దాంతో తోళ్లు పదును చేసేవాళ్లు. ఈ టానిన్లను గుర్తుపెట్టుకోండి.

ల్యాబ్‌లో పూలు ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి సారం తీస్తారు. ఏ ద్రవం వాడితే దానికి తగ్గ పదార్థాలే బయటికొస్తాయి. చైనాలో తూ యూయూ మలేరియా మందు కోసం ఒక మొక్కను పరీక్షిస్తుంటే, వేడి చేసిన సారం సరిగ్గా పనిచేయలేదు. తక్కువ వేడిలో ఈథర్‌తో తీస్తే పనిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అంటే "మొక్కలో మందు ఉంది" అన్నంత మాత్రాన మన కషాయంలో ఉన్నట్టు కాదు.

తర్వాత టెస్ట్ ట్యూబ్. పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైమ్ మీద సారం పోస్తారు. ఎంజైమ్ ఆగితే సక్సెస్ అనుకుంటారు. కానీ టానిన్లు ఏ ప్రొటీన్ దొరికితే దానికి అతుక్కుంటాయి, తోలు పదునయ్యేది కూడా అట్లనే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ పోయిందని సంబరపడతాం, చూస్తే సర్వరే డౌన్ అయ్యుంటది.

ఇక ఎలుకలు. అన్నామలై యూనివర్సిటీ వాళ్లు 2002లో తంగేడు పూల నీటి సారాన్ని ఎలుకలకు 30 రోజులిచ్చారు. కిలో బరువుకు 0.45 గ్రాముల డోసులో అది గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర కంటే బాగా పనిచేసిందని రాశారు. ఫార్వర్డ్‌లకు ఇట్లాంటి లైన్ ఒక్కటి చాలు. కానీ ఆ ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ అనే కెమికల్‌తో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసి షుగర్ తెప్పించారు. మా పెద్దనాయనకు వచ్చిన టైప్ 2 అట్ల రాలేదు. పైగా ఎలుక డోసును మనిషికి మార్చాలంటే దాదాపు 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి రోజుకు 4 గ్రాముల పైనే. పూలు కాదు, ఎండిన సారం! పెద్దమ్మ గిన్నెలో కాచేదాంట్లో ఎంతుందో ఎవరికి తెలుసు?

మనుషుల దాకా వెళ్లిన కథ కావాలంటే రాజస్థాన్, కచ్ ఎడారిలో పెరిగే గుగ్గులు చూడండి. మన దేశంలో కొలెస్ట్రాల్‌కు మందుగా అమ్మారు, ఇక్కడి పరీక్షల్లో తగ్గింది కూడా. 2003లో అమెరికాలో 103 మందిని గుంపులు చేసి, కొందరికి గుగ్గులు, కొందరికి ఉత్తుత్తి మాత్ర 8 వారాలిచ్చారు. గుగ్గులు వాడినవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ 5 శాతం దాకా పెరిగింది, కొందరికి ఒంటి మీద దద్దుర్లొచ్చాయి.

పెద్దనాయనకు ఇదంతా చెప్తే, "అయితే చెట్లన్నీ దండగనా?" అన్నడు. కాదు పెద్దనాయనా, నువ్వు బంద్ చేసిన మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా చెట్టు నుంచే. గలేగా అని యూరప్ మొక్క. దాంట్లో పదార్థం షుగర్ తగ్గించేది గానీ విషం, పశువులు చచ్చేవి. కెమిస్టులు దాని బంధువుల్లాంటి అణువులు తయారుచేస్తూ పోతే దొరికిందే మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్స్‌లో మనుషులకిచ్చారు, అమెరికా ఒప్పుకునేసరికి 1994.

ఆయన కాసేపు ఆలోచించి, మాత్రల డబ్బా తీసుకురమ్మన్నడు. కషాయం మాత్రం మానలేదు. డాక్టర్‌కు ఆ సంగతి చెప్పి, పొద్దున పొద్దున షుగర్ రాసి నాకు పంపుతుండు. నిన్నటిది 148.