లంఖణం పనికిరాని చోటు

“లంఖణం పరమౌషధం” అని మన పెద్దల మాట. అజీర్ణానికి ఆ మాట చెల్లవచ్చు గాని, అన్ని జబ్బులకూ చెల్లదు.

నాగరగెరె వైపు మేమెరిగిన ఒక పెద్దాయనకు క్లోమంలో కేన్సరు వచ్చి, బెంగుళూరులో ఆపరేషను జరిగింది. గండం గడిచిందని యింటిల్లిపాదీ సంతోషించారు. కొన్ని నెలలకు స్కాను తీయగా కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. అంతే! నెయ్యి, పాలు, గుడ్లు అన్నీ మాన్పించి, సంగటిముద్ద, పల్చని చారు మాత్రమే పెట్టసాగారు. మనిషి చిక్కి శల్యమైనాడు. తాగుడు లేదు, వొంట కండ లేదు. యీ కొవ్వెక్కడిదని మేమూ విస్తుపోయాము.

సంగతేమంటే, క్లోమం ఇన్సులినుతో పాటు కొవ్వునూ మాంసకృత్తులనూ అరిగించే రసాన్ని కూడా యిస్తుంది. 1935లో అమెరికా డాక్టరు విప్పిల్ ప్రకటించిన ఆపరేషను నేడెంతో మెరుగుపడింది. అందులో క్లోమపు తలభాగం, చిన్నపేగు మొదలు తీసివేస్తారు. మిగిలిన క్లోమం చాలినంత రసం యివ్వకపోతే తిన్నది వొంటబట్టదు. కాలేయం కొవ్వును బయటికి పంపడానికి మాంసకృత్తులు కావాలి. అవి కరవైతే, బండ్లు లేక ధాన్యం కళ్లంలోనే నిలిచినట్లు, కొవ్వు అక్కడే పేరుకుంటుంది. క్వాషియార్కర్ సోకిన పసిబిడ్డల కాలేయానికి కొవ్వు పట్టడంలోనూ యిదొక కారణం.

టొరాంటోలో క్లోమం తీసిన కుక్కలను ఇన్సులినుతో బ్రతికించినప్పుడు వాటి కాలేయాలు కొవ్వుతో నిండాయి. గుడ్డుసొనలోనూ వుండే లెసిథిన్ దానిని తగ్గిస్తుందనీ, అందులో పనిచేసేది కోలీన్ అనీ 1932లో బెస్టు, ఆయన తోటివారు వెల్లడించారు.

కనుక బరువు తగ్గుతున్నా, మలం జిడ్డుగా నీటిపై తేలుతున్నా, వెంటనే డాక్టరుగారితో చెప్పాలి. మధుమేహం, కేన్సరు మందులు కూడా కాలేయానికి కొవ్వు పట్టించవచ్చు గనుక కారణం ఆయనే తేల్చాలి. రసం లోటైతే క్లోమరసపు గొట్టం మాత్రలు యిస్తారు. వాటిని పరగడుపున కాక, భోజనంతో పాటే మింగాలి. అవి సాధారణంగా పంది క్లోమం నుండి తీసినవి. పట్టింపున్నవారు దాచక ముందే అడగడం మంచిది.

మా పెద్దాయన యిప్పుడు మాత్ర వేసుకొని, కొద్దికొద్దిగా ఆరుసార్లు తింటున్నాడు. అనపగింజల పులుసు మళ్లీ ఆయన విస్తట్లోకి వచ్చింది. ప్రేమతోనైనా సరే, రోగి కడుపు మాడ్చేముందు ఒక్క మాట డాక్టరుగారిని అడగండని మా మనవి.