షరతు పెట్టి కూడమంటే కంప్యూటరు ఏం చేస్తుంది?

అంకెలన్నీ ఇచ్చి కూడమంటే ఎవరైనా కూడగలరు. కాని "అన్నీ వద్దు, ఫలానా లక్షణం ఉన్నవి మాత్రమే ఏరి కూడు" అంటే పని రెండు భాగాలవుతుంది. ముందు ఏరాలి, తరువాత కూడాలి. కూడికలో తప్పు వస్తే మళ్లీ కూడి దిద్దుకోవచ్చు. ఏరడంలోనే పొరపాటు జరిగితే మాత్రం, కూడిక ఎంత చక్కగా చేసినా జవాబు తప్పే అవుతుంది. పైగా ఆ తప్పు కంటికి కనిపించదు.

కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటు ఈ రెండు పనులనూ రెప్పపాటులో చేస్తుంది. స్ప్రెడ్‌షీటు అంటే అడ్డు వరుసలు, నిలువు వరుసలతో గళ్లు గీసిన పెద్ద కాగితం వంటిది. అడ్డు వరుసలకు అంకెలు, నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరాలు పేర్లుగా ఉంటాయి. "సి3" అంటే సి అనే నిలువు వరుసలో మూడవ గడి అన్నమాట. ఇలాంటి తెరమీది కాగితాన్ని చిన్న కంప్యూటర్ల కోసం డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారు చేశారు. దాని పేరు విసికాల్క్. అది 1979లో వెలువడింది. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి.

మీరు గణితంలో ప్రమేయాల గురించి చదువుకున్నారు కదా! కొన్ని విలువలు లోపలికి ఇస్తే ఒక విలువ బయటికి వస్తుంది. స్ప్రెడ్‌షీటులోనూ అలాంటి ప్రమేయాలు ఉన్నాయి. షరతు పెట్టి లెక్క కట్టడానికి అందులో రెండు తెగల ప్రమేయాలు ఉన్నాయి. రెండూ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి. నిజంగా ఒకటేనా? ఒక ఉదాహరణతో చూద్దాం.

నీటి పట్టిక

తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్లు గారపడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ జిల్లా పల్లెలు కూడా దీనివల్ల ఎంతో బాధపడ్డాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఫరవాలేదని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఇప్పుడు మూడు పల్లెల నీటిని పరీక్షించి ఇలా రాసుకున్నామని అనుకుందాం. పేర్లు, అంకెలు లెక్క కోసం ఊహించినవే.

1. ఊరు | రకం | ఫ్లోరైడు | కుటుంబాలు
2. సీతాపురం | చేతిపంపు | 0.8 | 40
3. సీతాపురం | బావి | 2.1 | 25
4. సీతాపురం తండా | చేతిపంపు | 3.4 | 30
5. సీతాపురం తండా | బావి | 1.2 | 15
6. చింతలపాలెం | చేతిపంపు | 1.9 | 35
7. చింతలపాలెం | బావి | 0.6 | 50

నిలువు వరుసలు ఏ, బి, సి, డి. మొదటి అడ్డు వరుసలో శీర్షికలు, మిగిలిన ఆరింటిలో వివరాలు ఉన్నాయి. మొత్తం కుటుంబాలు 195.

మొదటి తెగ: "అయితే" ప్రమేయాలు

1.5 దాటిన నీటిని ఎన్ని కుటుంబాలు తాగుతున్నాయి? దీనికి సమ్‌ఇఫ్ ఉంది. సమ్ అంటే మొత్తం, ఇఫ్ అంటే "అయితే".

=సమ్‌ఇఫ్(సి2:సి7, ">1.5", డి2:డి7)

ఇక్కడ తెలుగులో రాసుకున్నాం గాని, ప్రమేయాల పేర్లను, గళ్ల పేర్లను కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ఈ సూత్రం సి వరుసలో పైనుంచి కిందికి దిగుతూ ప్రతి గడినీ "1.5 కన్నా ఎక్కువా?" అని అడుగుతుంది. అవునంటే, ఎదురుగా డి వరుసలో ఉన్న అంకెను తీసుకుంటుంది. 25, 30, 35 కలిపి 90 అని జవాబిస్తుంది. కూడకుండా లెక్కపెడితే చాలనుకుంటే కౌంట్‌ఇఫ్ వాడాలి. అది 3 అంటుంది.

సమ్‌ఇఫ్ ఒక్క షరతునే తీసుకుంటుంది. చేతిపంపు అయి ఉండాలి, ఫ్లోరైడు కూడా 1.5 దాటాలి అని రెండు షరతులు పెట్టాలంటే, ఎక్సెల్‌లో 2007 నుంచి ఉన్న సమ్‌ఇఫ్స్ కావాలి.

=సమ్‌ఇఫ్స్(డి2:డి7, బి2:బి7, "చేతిపంపు", సి2:సి7, ">1.5")

జవాబు 30 + 35 = 65. ఒక తేడా గమనించారా? సమ్‌ఇఫ్‌లో కూడవలసిన వరుసను చివర చెప్పాం, సమ్‌ఇఫ్స్‌లో మొదటే చెప్పాలి.

"మరియు" ఒకటి, "లేదా" ఒకటి

సమ్‌ఇఫ్స్‌లో పెట్టిన షరతులన్నీ ఒకేసారి నెరవేరాలి. అంటే అది "మరియు" మాత్రమే ఎరుగును. మనకు "లేదా" కావలసి వస్తే?

తనిఖీకి వచ్చేవారు చేతిపంపులన్నీ చూస్తారు, 1.5 దాటిన నీటినంతా మళ్లీ పరీక్షిస్తారు అనుకోండి. ముందుగా ఎన్ని కుటుంబాలకు కబురు చెప్పాలి? చేతిపంపు లేదా 1.5 దాటినది, ఈ రెండింటిలో ఏదైనా సరే. రెండు సమ్‌ఇఫ్‌లు వేసి కలిపేద్దామని అనిపిస్తుంది. చేతిపంపులు 40 + 30 + 35 = 105. 1.5 దాటినవి 90. రెండూ కలిపితే 195.

195 అంటే మూడు పల్లెల్లోని కుటుంబాలన్నీ! కాని 5వ వరుసలోని తండా బావికి, 7వ వరుసలోని చింతలపాలెం బావికి ఈ తనిఖీతో పనే లేదు. మరి తప్పు ఎక్కడుంది? 4, 6 వరుసలు చేతిపంపులూ అయ్యాయి, 1.5 కూడా దాటాయి. అందుచేత వాటిని రెండుసార్లు కలిపాం. సమితుల పాఠం గుర్తు తెచ్చుకోండి. రెండు సమితుల సమ్మేళనాన్ని లెక్కించేటప్పుడు ఛేదనాన్ని ఒకసారి తీసివేయాలి. 105 + 90 - 65 = 130. ఇదీ సరైన జవాబు.

రెండవ తెగ: "డీ" ప్రమేయాలు

ఈ పనినే డీసమ్ మరో విధంగా చేస్తుంది. పేరు మొదట ఉన్న "డీ" డేటాబేస్ అనే మాటకు గుర్తు. ఇవి పాతవే. 1983 నాటి లోటస్ 1-2-3లోనే ఉన్నాయి. ఇవి పట్టికను విడివిడి నిలువు వరుసలుగా కాక, శీర్షికలతో సహా ఒకే మొత్తంగా చూస్తాయి. ప్రతి అడ్డు వరుసా వాటికి ఒక చీటీ వంటిది. షరతులను సూత్రంలో ఇరికించకుండా పక్కన ఒక చిన్న పట్టికగా రాయాలి. ఎఫ్1 నుంచి జి3 వరకు ఇలా రాద్దాం:

1. రకం | ఫ్లోరైడు
2. చేతిపంపు | (ఖాళీ)
3. (ఖాళీ) | >1.5

తరువాత =డీసమ్(ఏ1:డి7, "కుటుంబాలు", ఎఫ్1:జి3) అని కొడితే నేరుగా 130 వస్తుంది. నియమం చాలా సులువు. ఒకే అడ్డు వరుసలో పక్కపక్కన రాసిన షరతులు "మరియు", కిందా పైనా వేరే వరుసల్లో రాసినవి "లేదా". ప్రతి చీటీనీ ఒక్కసారే చూసి ఉంచటమో, పక్కన పెట్టటమో చేస్తుంది కనుక, రెండుసార్లు కలిపే ప్రమాదం లేదు. అయితే షరతుల పట్టికలో ఒక అడ్డు వరుసను పూర్తిగా ఖాళీగా వదిలేశారో, ఏ షరతూ లేదని అర్థం చేసుకుని చీటీలన్నిటినీ కలిపేస్తుంది. అప్పుడు మళ్లీ 195 వస్తుంది!

తండా ఏమైంది?

ఇక అన్నిటికన్నా మోసగించే తేడా చూడండి. సీతాపురం నీటిలో ఫ్లోరైడు సగటు ఎంత? ఎక్సెల్‌లో యావరేజ్‌ఇఫ్‌తో "సీతాపురం" అని అడిగితే 0.8, 2.1 అంకెల సగటు 1.45 అని చెబుతుంది. షరతుల పట్టికలో ఊరు అనే శీర్షిక కింద సీతాపురం అని రాసి డీ-యావరేజ్‌ను అడిగితే 1.875 అంటుంది. ఒకటి హద్దుకు లోపల ఉంది, రెండవది హద్దు దాటింది. పట్టిక ఒకటే, ప్రశ్న ఒకటే. ఏది నమ్మాలి?

కారణం ఇది. "అయితే" ప్రమేయాలకు సీతాపురం అంటే గడిలో సరిగ్గా ఆ మాటే ఉండాలి. డీ ప్రమేయాలకు ఆ మాటతో మొదలైతే చాలు. కనుక సీతాపురం తండా కూడా అందులో చేరిపోయింది. చేరిపోయి, తనకంటూ లెక్క లేకుండా పోయింది. తండా సగటు నిజానికి 2.3. అక్కడ 30 కుటుంబాలు 3.4 ఉన్న నీరు తాగుతున్నాయి. తప్పు లెక్కను పట్టుకుని ఎవరైనా సీతాపురానికి శుద్ధి యంత్రం మంజూరు చేస్తే, తండా కుండల్లోకి అదే పాత నీరు వస్తుంది. కంప్యూటరు మాత్రం ఎక్కడా తప్పు అనలేదు, ఎర్ర గుర్తు చూపలేదు.

దీనికి విరుగుడు ఉంది. షరతు గడిలో ="=సీతాపురం" అని కొట్టాలి. అప్పుడు గడిలో =సీతాపురం అని సమాన గుర్తుతో సహా కనిపిస్తుంది, డీ ప్రమేయం కూడా సరిగ్గా ఆ ఊరినే ఏరుతుంది.

మరి ఏది వాడాలి?

వంద ఊళ్ల లెక్క ఊరికొకటిగా కావాలంటే సమ్‌ఇఫ్స్ మేలు. ఊళ్ల పేర్లు ఒక వరుసలో రాసి, పక్క గడిలో ఒక్క సూత్రం కట్టి, దానినే కిందికి నకలు చేసుకోవచ్చు. డీసమ్‌కైతే ప్రతి ఊరికీ శీర్షికతో వేరే షరతుల పట్టిక కట్టాలి. "లేదా"లు ఎక్కువగా ఉండి, షరతులు మాటిమాటికీ మారుతూ ఉంటే డీసమ్ మేలు. ఏ షరతు పెట్టామో కాగితం మీదే కనిపిస్తూ ఉంటుంది, సూత్రాన్ని ముట్టుకోకుండా మార్చుకోవచ్చు.

ఏది వాడినా ఒక అలవాటు చేసుకోండి. పెద్ద పట్టిక మీదికి వెళ్లే ముందు, ఇలాంటి ఐదారు వరుసల పట్టిక మీద చేత్తో లెక్క కట్టి సరిచూడండి. ఏ వరుసలు లోపలికి వచ్చాయి, ఏవి బయట ఉండిపోయాయి అని వేలు పెట్టి చూసుకోండి. కూడటం యంత్రం పని. ఎవరిని కలపాలో, ఎవరిని విడిగా చూడాలో చెప్పడం మన పని.

మీరూ చేసి చూడండి: పై పట్టికలో బావి నీరు తాగేవారు గాని, చింతలపాలెంలో ఉండేవారు గాని మొత్తం ఎన్ని కుటుంబాలు? రెండు పద్ధతుల్లోనూ చేయండి. రెండింటిలోనూ 125 వస్తే మీరు నేర్చుకున్నట్టే. 175 వస్తే, ఎవరిని రెండుసార్లు కలిపారో వెతకండి!