రూపాయి పోకపోయినా నేరమే!

గత నెలలో ఓ ఆదివారం మధ్యాహ్నం. పిన్ని వాళ్లింటికి వెళ్తే లోపల గడియ వేసి ఉంది. పదిసార్లు కొట్టాక తీసింది. చేతిలో ఫోన్, ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ‘‘మాట్లాడకురా, పోలీసులు లైన్లో ఉన్నారు’’ అంది గుసగుసగా.

స్క్రీన్ మీద ఖాకీ చొక్కా, భుజాన నక్షత్రాలు, వెనక గోడకి మూడు సింహాల బొమ్మ. ‘‘మీ ఆధార్‌తో తీసిన సిమ్ మీద కేసుంది. మీ ఎఫ్‌డీ సొమ్ము మేం చెప్పిన ఖాతాకి పంపండి. చెక్ చేసి తిరిగిచ్చేస్తాం’’ అంటున్నాడు. నేను ఫోన్ తీసుకుని ‘‘ఏ స్టేషన్ సార్?’’ అన్నానో లేదో, కాల్ కట్!

‘‘పోనీలేరా, నలుగురికీ తెలిస్తే నవ్వుతారు. రూపాయి కూడా పోలేదుగా, ఇంక కేసేముంటుంది?’’ అంది పిన్ని. నాకూ అదే డౌటు. లాయర్‌గా పనిచేస్తున్న ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. వాడు ‘ఎంత పోయింది?’ అనలేదు. ‘పోలీసునని చెప్పి ఏం చేయమన్నాడు?’ అన్నాడు. అసలు విషయమంతా అందులోనే ఉంది.

చెప్పిందే కాదు, చేసింది కూడా

భారతీయ న్యాయ సంహితలో 204వ సెక్షన్ ఇలాంటి వాళ్ల కోసమే. పాత ఐపీసీలో ఇది 170. దీని కింద కోర్టు రెండు విషయాలు చూస్తుంది. ఒకటి, తనకు లేని ఫలానా ప్రభుత్వ ఉద్యోగం ఉందని తెలిసి తెలిసీ అబద్ధం చెప్పాడా? రెండు, ఆ ఉద్యోగం పేరు అడ్డం పెట్టుకుని ఏదైనా పని చేశాడా, లేదా చేయబోయాడా? రెండూ రుజువు కావాలి.

ఫ్రెండ్స్ దగ్గర ‘నేను ఎస్సైని’ అని కోతలు కోసి ఊరుకుంటే ఈ సెక్షన్ నిలబడదు. అదే మనిషి రోడ్డు మీద బైక్ ఆపి, ‘లైసెన్స్ తియ్, ఫైన్ కట్టు’ అంటే నిలబడుతుంది. మీరు కట్టకుండా వెళ్లిపోయినా సరే, ప్రయత్నం చాలు. శిక్ష కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్లు, పైగా జరిమానా. ఐపీసీలో గరిష్ఠం 2 ఏళ్లే, కనీస శిక్ష అంటూ లేదు.

మరి యూనిఫాం సంగతి? అది 205వ సెక్షన్. నమ్మించే ఉద్దేశంతో డ్రెస్ వేసుకున్నా, బ్యాడ్జీ పట్టుకున్నా 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. నాటకంలో పోలీసు వేషం కట్టినవాడికి ఆ ఉద్దేశం ఉండదు కాబట్టి ఇది అంటదు.

పైసా అడగకపోయినా...

‘నష్టమే లేనప్పుడు నేరం ఎక్కడిది?’ అన్న పిన్ని ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. 1943 నాటి కేసది. నిందితులు ఎఫ్‌బీఐ అధికారులమని చెప్పి ఒక మనిషి ఎక్కడున్నాడో ఆరా తీయబోయారన్నది అభియోగం. అడిగింది డబ్బు కాదు, సమాచారం. కింది కోర్టు అభియోగం కొట్టేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అబద్ధపు హోదా చూపించి, మామూలుగా అయితే ఎదుటివాళ్లు చేయని పనిని వాళ్లతో చేయించాలని చూడటం కూడా మోసమేనంది. అక్కడి చట్టం వేరు, మనది వేరు. కానీ రెండుచోట్లా నేరం పర్సు ఖాళీ అయినప్పుడు మొదలవదు.

మన సుప్రీంకోర్టు కూడా ఈ ‘డిజిటల్ అరెస్ట్’ మోసాలను 2025లో తనంతట తానుగా విచారణకు తీసుకుంది. దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. అసలు మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు.

కాబట్టి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టండి. పోకపోతే సంచార్ సాథీలోని ‘చక్షు’లో ఆ నంబర్ రిపోర్ట్ చేయండి. స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకండి, కోర్టులో అవే ఆధారం.

పిన్ని రిపోర్ట్ చేసింది. ఆ సాయంత్రం పక్కింటి ఆంటీకి కూడా చెప్పింది. ఆవిడ నవ్వలేదు. కాసేపు ఊరుకుని, ‘‘నాకూ వచ్చింది వదినా... నేను పంపేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు’’ అంది.