భూమి కదిలితే బెదరని చదువు
పాత పుస్తకాల్లోనూ దొరుకుతుంది. అచ్చయిన సంవత్సరం మాత్రం చూసుకోవాలి

బోరబండ: 2020 అక్టోబరు మొదటి వారంలో హైదరాబాదు బోరబండ వాసులకు కంటిమీద కునుకు లేదు. రాత్రివేళ భూమిలోంచి పెద్ద చప్పుళ్లు వినిపించాయి. ఇల్లు అదిరినట్లయింది. జనం పిల్లాజెల్లాతో వీధుల్లోకి పరుగెత్తారు.

జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు వచ్చి అక్కడ భూకంపాలను నమోదుచేసే యంత్రాలు అమర్చారు. అవి తీవ్రత 2కు లోపు వుండే చిన్న ప్రకంపనలేనని తేల్చారు. హైదరాబాదు కింద వున్నది గ్రానైటు రాయి. భారీ వర్షాలు పడినప్పుడు నీరు రాతి పగుళ్లలోకి దిగి ఒత్తిడి పెంచుతుంది. దాంతో రాయి కాస్త సర్దుకుంటుంది. ఇది పైపొరల్లోనే జరుగుతుంది కనుక చప్పుడు పెద్దది, ప్రమాదం చిన్నది. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఈ లెక్క తెలిసిన పిల్లవాడు ఒక్కడున్నా ఆ ఇంట్లో సగం భయం తగ్గుతుంది.

ఆదివారం సంత

కేంద్ర సెకండరీ విద్యామండలి 2003లో ఎనిమిదో తరగతికి విపత్తుల పాఠాలు ప్రవేశపెట్టింది. పల్లె బడులకు ఇలాంటి పుస్తకాలు కావాలంటే వెతకదగిన చోటు అబిడ్స్. ఆదివారం దుకాణాలు మూసివుంటే వాటి ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. బోరబండలో లోకల్ రైలెక్కి నాంపల్లిలో దిగితే అక్కడికి కొద్ది దూరమే. ఓపికగా వెతికి, బేరమాడితే భూగోళం, సైన్సు పుస్తకాలు చౌకగా దొరుకుతాయి.

అయితే ఒక చిక్కుంది. దక్షిణాది పీఠభూమి గట్టి నేల అని, పెద్ద భూకంపాలు రావని ఒకప్పుడు నమ్మేవారు. 1967లో మహారాష్ట్రలోని కోయనలో భూమి కంపించి ఆ నమ్మకాన్ని కదిపింది. 1969లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో కంపించింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు ప్రాంతంలో సుమారు పదివేలమంది చనిపోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన కప్పులు నిద్రపోతున్నవారి మీద కూలాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదు దాకా తెలిసింది.

కనుక పాత పుస్తకం కొనేముందు అచ్చయిన సంవత్సరం చూడాలి. ద్వారబంధం కింద నిలబడమనే పాత సలహాను ఇప్పుడు నిపుణులు చెప్పడం లేదు. పాత పుస్తకాన్ని పారేయనక్కరలేదు. అందులోని మాటను, తరువాత జరిగినదానిని పక్కపక్కన పెట్టి చెబితే అదే మంచి పాఠం.

పిల్లలు నేర్వవలసినవి

బడిలో వుంటే గట్టి బల్ల కిందికి దూరి, తల కాచుకుని, బల్లకాలు పట్టుకోవాలి. కిటికీలకు, బీరువాలకు దూరంగా వుండాలి. కదలిక ఆగాక తోసుకోకుండా వరుసగా బయటికి రావాలి. ఆరుబయట వుంటే గోడలకు, కరెంటు స్తంభాలకు ఎడంగా నిలబడాలి. మట్టిమిద్దెలో తలుపు దగ్గరే వున్నవారు ఖాళీ జాగాలోకి రావడం మేలు.

చదివితే సరిపోదు, చేసి చూడాలి. వారానికో పది నిమిషాలు బల్లల కిందికి దూరడం పిల్లలకు ఆటే. ఆ ఆటను ఇంటికి వెళ్లి అమ్మకు, తాతకు నేర్పిన రోజున పాఠం పూర్తయినట్లు.