తుది మజిలీకి తూనిక

"ఇక మా చేతిలో లేదు, ఇంటికి తీసికొనిపొండి" అని వైద్యులు చెప్పిననాడు, బండి ఆత్మకూరు వంటి గ్రామములో ఆ ఇంటివారికి మిగులు ప్రశ్న ఒక్కటే: రోగము కుదరకున్నను, బాధనైనను ఆపగలవారెవరు?

ఈ ప్రశ్నకు సమాధానముగా 1967లో లండను నగరమున సిసిలీ సాండర్సు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పినది. బాధ తిరుగబెట్టకముందే వేళకు మందు ఇయ్యవలెనన్నది ఆమె నేర్పిన సూత్రము. మన దేశమున 1986లో బొంబాయి శాంతి అవేదన సదన్, 2011లో హైదరాబాదున బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారి స్పర్శ్ హాస్పిస్ వెలసినవి.

ఇట్టి సంస్థ యోగ్యతను భవనముల సొంపును బట్టి ఎంచరాదు. మొదట అడుగవలసినది మార్ఫిను మాట. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దానిని దుర్లభము చేయగా, 2014 సవరణ త్రోవ సుగమము చేసినది. ఆ మందు అచట ఉన్నదా? నొప్పి సున్న నుండి పదివరకు ఎంతయో రోగినే అడిగి వ్రాసికొనుచున్నారా? అర్ధరాత్రి పిలిచిన పలుకు నర్సు కలదా? పుండ్లు పడకుండ ప్రక్క మార్చి పరుండబెట్టుచున్నారా? ఖర్చు ముందే చెప్పుచున్నారా? రోగి పోయిన పిమ్మట ఇంటివారిని పలుకరింతురా?

అయితే హైదరాబాదు నూరు మైళ్లకు పైబడిన దూరము. తన వాకిటి వేపనీడను విడువనొల్లని వృద్ధునికి అంత దూరపు మంచము మంచిదైనను పరాయిదే. కావున కడపటి ప్రశ్న ఇది: ఆ సంస్థ కోడలికి, కొడుకుకు మందు వేళలు, శుశ్రూష నేర్పి, రోగిని ఇంటికి పంపగలదా? పంపిన పిమ్మటను బాధ్యత వహించునా? ఔనన్నచో, ఆ సంస్థ తూనికకు నిలిచినట్లే.